ఒకే నేలను రెండుసార్లు కొన్న మనిషి: క్వేకర్ల పెన్సిల్వేనియా ఎలా పుట్టింది, ఎలా నడిచింది

2024 జనవరి మొదట్లో ఫిలడెల్ఫియాలో ఒక గొడవ లేచింది. అక్కడి వెల్కమ్ పార్క్‌ను బాగుచేసే పనిలో భాగంగా, 17వ శతాబ్దంలో అమెరికాలో పెన్సిల్వేనియాను స్థాపించిన విలియం పెన్ విగ్రహాన్ని తీసేయాలని అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ ప్రతిపాదించింది. ఆ స్థలంలో అక్కడి మూలవాసుల చరిత్ర కనిపించాలన్నది ఆలోచన. జనం నుంచి ఎంత వ్యతిరేకత వచ్చిందంటే, నాలుగు రోజులు తిరక్కుండానే ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. కానీ వాదన ఆగలేదు. మూలవాసులకు డబ్బిచ్చి భూమి తీసుకున్న ఒకే ఒక్క పెద్దమనిషి పెన్ అని కొందరన్నారు. బానిసల్ని పెట్టుకున్నవాడికి విగ్రహమేంటని మరికొందరు అడిగారు.

పెన్ డబ్బిచ్చి భూమి కొన్న మాట నిజం. అలా కొన్నది అతనొక్కడే కాదు, అంతకుముందు డచ్చివాళ్లూ స్వీడన్‌వాళ్లూ కొన్నారు. బానిసల్ని పెట్టుకున్న మాట కూడా నిజమే. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా కుదిరాయో తెలియాలంటే భూమి కాగితాల దగ్గర మొదలుపెట్టాలి. ఎకరాలు, శిస్తులు, హక్కులు వింటూ పెరిగిన మనకు ఆ భాష కొత్తేమీ కాదు.

క్వేకర్లు ఎవరు, వాళ్లంటే అంత కోపం ఎందుకు

17వ శతాబ్దం నడుమ ఇంగ్లండ్ అంతర్యుద్ధంతో అల్లకల్లోలంగా ఉంది. నేతపని చేసే ఇంట్లో పుట్టి చెప్పులు కుట్టడం నేర్చుకున్న జార్జ్ ఫాక్స్ అనే యువకుడు ఆ రోజుల్లో ఊరూరా తిరిగి ఒకటే చెప్పాడు: దేవుడి వెలుగు ప్రతి మనిషి లోపలా ఉంది, మధ్యలో పూజారి అక్కర్లేదు. అతని వెంట నడిచినవాళ్లు తమను తాము 'మిత్రులు' అనుకున్నారు. దేవుడి మాట విని వణకండి అన్నందుకు జనం వాళ్లకు 'క్వేకర్లు', అంటే వణికేవాళ్లు, అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచింది.

వాళ్ల ప్రార్థనకు 'మీటింగ్' అని పేరు. అందరూ మౌనంగా కూర్చుంటారు. లోపలి నుంచి మాట పుట్టినవాళ్లు, ఆడవాళ్లయినా మగవాళ్లయినా, లేచి మాట్లాడతారు. ఎవరికీ ఏమీ తోచకపోతే మౌనంగానే ముగుస్తుంది.

ఇందులో ప్రభుత్వానికి కోపం తెప్పించేది ఏముంది అనిపిస్తుంది. గొడవంతా మర్యాద దగ్గర వచ్చింది. మన నువ్వు, మీరు లాగే అప్పటి ఇంగ్లీషులోనూ రెండు మాటలుండేవి. క్వేకర్లు జడ్జినైనా, జమీందారునైనా నువ్వు అనే పిలిచారు. ఎవరి ముందూ టోపీ తీయలేదు. మనుషులంతా సమానమైనప్పుడు ఒకరికి 'మీరు', ఒకరికి 'నువ్వు' ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. ఒక ఊళ్లో పెద్దాయన్ని 'ఏమోయ్' అని పలకరిస్తే ఏమవుతుందో మనకు తెలుసు. వాళ్లకూ అదే అయింది. పైగా కోర్టులో ప్రమాణం చేయరు, ఎందుకంటే ఎప్పుడూ నిజమే చెప్పాలి కాబట్టి ప్రత్యేకంగా ఒట్టు అక్కర్లేదు. ఆయుధం పట్టరు. చర్చికి పన్ను కట్టరు. దాంతో వేలమంది జైళ్ల పాలయ్యారు. అట్లాంటిక్ అవతల బోస్టన్‌లోనైతే 1659 నుంచి 1661 లోపు నలుగుర్ని ఉరి తీశారు. వాళ్లలో మేరీ డయ్యర్ అనే మహిళ ఒకరు.

విలియం పెన్ ఈ గుంపులో చేరడం ఇంట్లోవాళ్లకు పిడుగుపాటు. తండ్రి ఇంగ్లండ్ నౌకాదళంలో అడ్మిరల్, రాజుకు దగ్గరివాడు. 1644లో పుట్టిన కొడుకు 22, 23 ఏళ్ల వయసులో క్వేకర్ అయ్యాడు.

1670లో లండన్‌లో సైనికులు మీటింగ్ హౌస్‌కు తాళం వేస్తే పెన్ వీధిలోనే నిలబడి మాట్లాడాడు. అల్లరి మూకను పోగుచేశాడని విలియం మీడ్ అనే మరో క్వేకర్‌తో కలిపి కేసు పెట్టారు. కోర్టు గుమ్మం దగ్గర ఎవరో వాళ్ల టోపీలు తీసేశారు. న్యాయపీఠం మీదివాళ్లు ఆ టోపీలు మళ్లీ పెట్టించారు. పెట్టించి, కోర్టులో టోపీతో నిలబడ్డారని జరిమానా వేశారు. పన్నెండుగురు జ్యూరీ సభ్యులు దోషి అనడానికి ఒప్పుకోకపోతే వాళ్లను తిండి, నీళ్లు, చలిమంట లేకుండా రెండు రాత్రులు గదిలో పెట్టి తాళం వేశారు. వాళ్లు మాట మార్చలేదు. వాళ్లలో ఎడ్వర్డ్ బుషెల్ వేసిన పిటిషన్ మీదే, తీర్పు నచ్చలేదని జ్యూరీని శిక్షించకూడదన్న సూత్రం ఇంగ్లండ్ చట్టంలో స్థిరపడింది.

అప్పు కింద వచ్చిన రాజ్యం

1670లోనే తండ్రి చనిపోయాడు. రాజు రెండో చార్లెస్ ఆయనకు 16,000 పౌండ్లు బాకీ ఉన్నాడు. పెన్ ఆ డబ్బు అడగలేదు, అమెరికాలో భూమి అడిగాడు. 1681 మార్చి 4న రాజు చార్టర్ ఇచ్చాడు. మన భాషలో సనదు అనుకోవచ్చు. విస్తీర్ణం సుమారు 45,000 చదరపు మైళ్లు. దాదాపు తెలంగాణ అంత నేల, ఒక్క మనిషి పేర. బదులుగా ఏడాదికి రెండు బీవర్ తోళ్లు విండ్సర్ కోటకు పంపాలి, బంగారం, వెండి దొరికితే ఐదో వంతు రాజుకివ్వాలి.

అడవి దేశం అనే అర్థంలో 'సిల్వేనియా' అని పేరు పెడదామనుకున్నాడు పెన్. రాజు అడ్మిరల్ గుర్తుగా ముందు 'పెన్' చేర్చాడు. తన గొప్ప కోసమే పెట్టుకున్నాడని జనం అనుకుంటారని పెన్ భయపడి, మార్పించడానికి ప్రయత్నించాడు. కుదరలేదు.

రాజు ఎందుకిచ్చాడన్నదానిపై చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. ఖజానాలో డబ్బు లేక ఇచ్చాడంటారు. క్వేకర్ల పీడ వదులుతుందని ఇచ్చాడంటారు. చనిపోయిన స్నేహితుడి మీద అభిమానమంటారు. ఇందులో ఏదో ఒక్కటే కారణం కానక్కర్లేదు. పెన్ ఉద్దేశాల్లో మాత్రం దాపరికం లేదు. మత స్వేచ్ఛను విస్తరించాలని ఉంది, నా శ్రమకు కొంత ప్రతిఫలం కూడా కావాలి అని తనే రాశాడు. ఆ రెండో సగాన్ని మరిచిపోతే మిగతా కథ అర్థం కాదు.

ఎకరం లెక్క వేసి చూద్దాం

45,000 చదరపు మైళ్లంటే 2 కోట్ల 88 లక్షల ఎకరాలు. 16,000 పౌండ్ల బాకీ కింద వచ్చింది కాబట్టి పెన్‌కు పౌండుకు 1,800 ఎకరాలు పడ్డట్టు. అమ్మింది 100 పౌండ్లకు 5,000 ఎకరాలు, అంటే పౌండుకు 50 ఎకరాలు. కాగితం మీద 36 రెట్లు లాభం.

కొన్న మనిషి వైపు నుంచి చూద్దాం. బ్రిస్టల్‌లో ఒక క్వేకర్ వర్తకుడు 100 పౌండ్లు పెట్టి 5,000 ఎకరాలు కొన్నాడనుకుందాం. ఎకరం ఐదు పెన్నీల లోపే పడింది. కానీ కొన్నాక కూడా 100 ఎకరాలకు ఏడాదికి ఒక షిల్లింగ్ చొప్పున పెన్‌కు శిస్తు కట్టాలి. 5,000 ఎకరాలకు 50 షిల్లింగులు, అంటే రెండున్నర పౌండ్లు, ప్రతి ఏడూ. ఇంకో మాట కూడా ఇచ్చాడు పెన్: 500 ఎకరాలు కొన్నవాళ్లకు కొత్త నగరంలో 10 ఎకరాలు ఉచితం. మన వర్తకుడికి 100 ఎకరాలు రావాలి.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఈ లెక్కన అమ్మిన ప్రతి 5 లక్షల ఎకరాలకూ నగరంలో 10,000 ఎకరాలు కావాలి. డెలావేర్ నది ఒడ్డున మంచి స్థలమంతా అప్పటికే స్వీడన్, డచ్చి రైతుల చేతుల్లో ఉంది. వాళ్ల దగ్గర కొని కూడగడితే దొరికింది సుమారు 1,200 ఎకరాలు. చివరికి కొన్నవాళ్లకు నగరంలో చిన్న ప్లాట్లు, మిగతాది నగరం బయట ఉత్తరాన ఇచ్చి సర్దారు. నది ఎదురుగా ఎవరికి వచ్చింది, వెనక ఎవరికి వచ్చింది అన్న తగాదా ఏళ్ల తరబడి సాగింది.

శిస్తు సంగతి మరీ కష్టమైంది. డబ్బు పెట్టి కొన్నాం, అడవి కొట్టాం, మళ్లీ శిస్తేంటి అన్నారు వచ్చినవాళ్లు. ఓడలకూ, సర్వేలకూ, మూలవాసులకూ, లండన్‌లో చార్టర్ కాపాడుకోవడానికీ అయిన ఖర్చు ఎవరిస్తారన్నాడు పెన్. నాకైతే రెండు వైపులా న్యాయం కనిపిస్తుంది. వసూళ్లు రాలేదు. పైగా ఫిలిప్ ఫోర్డ్ అనే తన మేనేజరు తెచ్చిన కాగితాల మీద పెన్ చదవకుండా సంతకాలు పెట్టాడు. వాటిలో పెన్సిల్వేనియానే రాసిచ్చిన దస్తావేజులున్నాయి. ఫోర్డ్ పోయాక అతని కుటుంబం కోర్టుకెక్కింది. 1708లో, తెలంగాణ అంత నేలకు యజమాని అయిన మనిషి అప్పు కట్టలేక లండన్‌లో జైలుకెళ్లాడు.

ఒడ్డున గుహలు, గీతలు గీసిన నగరం

'వెల్కమ్' అనే ఓడలో సుమారు వంద మందితో 1682 ఆగస్టు చివర్లో బయల్దేరాడు పెన్. దారిలో మశూచి పట్టి ముప్పై మంది దాకా చనిపోయారు. అక్టోబరు 27న న్యూకాజిల్ దగ్గర దిగాడు. ఇప్పటి డెలావేర్ రాష్ట్రమైన ఆ దక్షిణపు జిల్లాలను రాజు తమ్ముడు డ్యూక్ ఆఫ్ యార్క్ విడిగా ఇచ్చాడు. అప్పగింత ఇలా జరిగింది: ఒక పచ్చిక గడ్డ, దాని మీద ఒక చెట్టు రెమ్మ, ఒక గిన్నెలో నది నీళ్లు, మట్టి పెన్ చేతిలో పెట్టారు. కోట తాళం చెవి ఇచ్చారు. నేల చేతులు మారిందని చెప్పడానికి అది ఇంగ్లీషు పద్ధతి. అక్కడ తరతరాలుగా ఉంటున్న లెనాపే ప్రజలకు ఆ గిన్నెతో సంబంధం లేదు.

మొదటి చలికాలం ఇళ్లు లేక చాలా కుటుంబాలు నది గట్టు తవ్వి, పైన కొమ్మలు, మట్టి కప్పి గుహల్లో ఉన్నాయి. అయినా అంతకుముందు వర్జీనియా, ప్లిమత్ అనే ఇంగ్లీషు వలసల్లో జనం ఆకలితో చచ్చినట్టు ఇక్కడ చావలేదు. స్వీడన్ రైతులు నలభై ఏళ్లుగా అక్కడ పంటలు పండిస్తున్నారు, లెనాపేల దగ్గర మొక్కజొన్న, జింక మాంసం దొరికేవి. ముందే స్థిరపడినవాళ్ల పక్కన దిగడం కలిసొచ్చింది.

1665 ప్లేగును, 1666లో లండన్ తగలబడటాన్ని చూసిన తరం వాళ్లది. అందుకే ఎప్పటికీ తగలబడని, ఆరోగ్యంగా ఉండే పచ్చని పట్నం కావాలన్నాడు పెన్. సర్వేయర్ థామస్ హోమ్ రెండు నదుల మధ్య సుమారు రెండు మైళ్ల పొడవున నిలువు, అడ్డం గీతల్లా వీధులు, ఐదు ఖాళీ మైదానాలు గీశాడు. ఒక దిక్కు వీధులకు అంకెలు, మరో దిక్కు వీధులకు చెట్ల పేర్లు: చెస్ట్‌నట్, వాల్‌నట్, పైన్. ఇప్పుడు అక్కడ ఉండే మనవాళ్లు రోజూ నడిచే వీధులివే. ఊరికి పెట్టిన పేరు ఫిలడెల్ఫియాకు సోదర ప్రేమ అని అర్థం.

1682 డిసెంబరులో చెస్టర్‌లో చేసిన చట్టాల్లో మరణశిక్ష దాదాపుగా హత్య వరకే పరిమితమైంది. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో దొంగతనానికీ ఉరి వేసేవాళ్లు, కాబట్టి ఇది చిన్న మార్పు కాదు. ఒట్టుకు బదులు మామూలుగా చెప్పిన మాట సాక్ష్యంగా చెల్లుతుంది. అదే చట్టాల్లో పేకాట, నాటకాలు, కోడిపందాలు నిషేధం. స్వేచ్ఛ అన్నదాన్ని వాళ్లు మనం ఇప్పుడు అనుకునే అర్థంలో తీసుకోలేదు.

1684 ఫిబ్రవరిలో మార్గరెట్ మాట్సన్ అనే స్వీడన్ మహిళ మంత్రగత్తె అని, ఆవులకు చేటు చేసిందని ఫిర్యాదు వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, దుబాసీని పెట్టారు. పెన్ స్వయంగా విచారించాడు. మంత్రగత్తె అన్న పేరు ఉన్నమాట నిజమే, మోపిన నేరం మాత్రం రుజువు కాలేదని జ్యూరీ చెప్పింది. మంచి నడవడికి పూచీకత్తు తీసుకుని ఇంటికి పంపారు. ఎనిమిదేళ్ల తర్వాత మసాచుసెట్స్‌లోని సేలంలో ఇలాంటి ఫిర్యాదులకే 19 మందిని ఉరి తీశారు.

రెండోసారి కొనుగోలు: లెనాపేలతో ఒప్పందం

రాజు చార్టర్ ప్రకారం భూమి పెన్‌దే. అయినా దేశంలో అడుగు పెట్టకముందే, 1681 అక్టోబరులో, అతను లెనాపేలకు ఉత్తరం రాశాడు. రాజు నాకు ఈ దేశం ఇచ్చాడు, కానీ మీ ఇష్టంతో, మీ ప్రేమతో అనుభవించాలనుకుంటున్నాను అన్నది దాని సారాంశం. తర్వాత తెగ పెద్దల దగ్గర ముక్క ముక్కగా భూమి కొన్నాడు. ధరగా వాంపం (గవ్వలతో చేసిన పూసల దండలు), దుప్పట్లు, వంట గుండిగలు, గొడ్డళ్లు, చొక్కాలు, తుపాకులు ఇచ్చాడు. 1683లో రాసిన పత్రాల మీద తమనెండ్ అనే లెనాపే పెద్ద గుర్తు ఉంది. పెన్ వాళ్ల భాష కొంత నేర్చుకున్నాడు.

షాకమాక్సన్‌లో ఎల్మ్ చెట్టు కింద జరిగిందని చెప్పే స్నేహ ఒప్పందం చాలా ప్రసిద్ధి. దాని కాగితమేదీ దొరకలేదు. దాని గురించి జనం మనసులో ఉన్న దృశ్యం దాదాపు తొంభై ఏళ్ల తర్వాత బెంజమిన్ వెస్ట్ వేసిన చిత్రం నుంచి వచ్చింది. అయితే అసలేమీ జరగలేదనడానికీ వీల్లేదు. లెనాపేలు ఆ మాటను తరతరాలుగా చెప్పుకున్నారు, తర్వాతి చర్చల్లో పదేపదే గుర్తుచేశారు.

అసలు ప్రశ్న, లెనాపేలు అమ్మకం అంటే ఏమనుకున్నారు? నేల మీద కలిసి బతకడానికి, వేటాడటానికి ఒప్పుకున్నారు గానీ శాశ్వతంగా వదులుకోలేదని కొందరు చరిత్రకారుల వాదన. వాళ్ల దృష్టిలో బహుమతులు ఒకసారితో అయిపోయే ధర కాదు, స్నేహం నిలవడానికి మళ్లీ మళ్లీ ఇవ్వాల్సినవి. అప్పటికే యాభై ఏళ్లుగా డచ్చి, స్వీడన్‌వాళ్లతో వ్యవహరించిన లెనాపేలకు యూరప్‌వాళ్ల అమ్మకమంటే ఏమిటో బాగా తెలుసని, బేరమాడి మరీ తీసుకున్నారని ఇంకొందరంటారు. నాకు రెండో వాదనలో బలం కనిపిస్తుంది, కానీ ఒక షరతుతో. కాగితం అర్థమైనా, కాగితం వెనకున్న మనిషి మాట మీదే వాళ్లు ఎక్కువ ఆధారపడ్డారు. అందుకే సుమారు డెబ్బై ఏళ్లు ఆ గడ్డ మీద పెద్ద యుద్ధం రాలేదు. చుట్టుపక్కల వలసల్లో ఇది లేదు.

స్వేచ్ఛ ఎవరి వరకు

ఒక్క దేవుణ్ణి నమ్మేవాళ్లెవరైనా తమ పద్ధతిలో పూజించుకోవచ్చన్నాడు పెన్. పదవులు మాత్రం క్రైస్తవులకే. అప్పటి యూరప్‌తో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. 1683లో జర్మనీలోని క్రెఫెల్డ్ నుంచి 13 కుటుంబాలు వచ్చి జర్మన్‌టౌన్ కట్టుకున్నాయి. తర్వాత వేలమంది వచ్చారు.

అదే నదిలో 1684 డిసెంబరులో ఇసబెల్లా అనే ఓడ సుమారు 150 మంది ఆఫ్రికన్లను తెచ్చింది. అడవి కొట్టడానికి కూలీలు లేక ఇబ్బంది పడుతున్న క్వేకర్లే వాళ్లను కొన్నారు. నల్లవాళ్లయితే జీవితాంతం ఉంటారు, అందుకే మేలని పెన్ తన ఎస్టేట్ చూసే మనిషికి ఉత్తరంలో రాశాడు. మనిషి లోపల వెలుగుందన్న మాట ఆ ఉత్తరంలో ఎక్కడా గుర్తు రాలేదు.

గుర్తు చేసినవాళ్లు కూడా అక్కడివాళ్లే. 1688లో జర్మన్‌టౌన్‌లో ఫ్రాన్సిస్ డేనియల్ పాస్టోరియస్‌తో కలిపి నలుగురు ఒక పత్రం రాశారు. మిమ్మల్ని ఎవరైనా ఇలా పట్టుకుని అమ్మితే ఒప్పుకుంటారా అని అడిగారు. ఈ బానిసలు స్వేచ్ఛ కోసం తిరగబడితే కత్తి పడతారా మీరు, అని కూడా అడిగారు. ఆయుధం పట్టని క్వేకర్లకు దీనికి జవాబు చెప్పడం చాలా కష్టం. సంఘం విషయాలు తేల్చే నెలవారీ మీటింగ్ మా వల్ల కాదని పైకి పంపింది. మూడు నెలల మీటింగ్ వార్షిక మీటింగ్‌కు పంపింది. అది పక్కన పెట్టేసింది. బానిసల్ని వదలనివాళ్లను సంఘం నుంచి తీసేయాలని ఫిలడెల్ఫియా క్వేకర్లు నిర్ణయించేసరికి 1776 వచ్చింది. నాలుగేళ్లకు పెన్సిల్వేనియా క్రమంగా బానిసత్వం తొలగించే చట్టం చేసింది. 1688 నుంచి 1776 దాకా ఆ 88 ఏళ్లలో ఎందరి జీవితాలు గడిచిపోయాయో తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది.

ఒకటిన్నర రోజు నడక

పెన్ అమెరికాలో గడిపింది రెండు విడతల్లో కలిపి నాలుగేళ్లు. 1701లో వెళ్లిపోతూ శాసనసభకు ఎక్కువ అధికారాలిచ్చే కొత్త చార్టర్ మీద సంతకం చేశాడు. 1718లో చనిపోయాడు. భూమి కొడుకులకు వచ్చింది, అప్పులూ వచ్చాయి. వాళ్లలో వ్యవహారమంతా నడిపిన థామస్ పెన్ తర్వాత తండ్రి మతాన్నే వదిలేశాడు.

1737లో అతనూ, కార్యదర్శి జేమ్స్ లోగన్ కలిసి 1686 నాటిదంటూ ఒక పత్రం బయటికి తీశారు. ఒక మనిషి ఒకటిన్నర రోజులో ఎంత దూరం నడిస్తే అంత నేల లెనాపేలు అమ్మారని అందులో ఉంది. లెనాపేలు అనుకున్న నడక మామూలు నడక: నది వెంట సాగడం, మధ్యలో కూర్చుని తినడం, చుట్ట కాల్చడం. పెన్ కొడుకులు ముందే అడవిలో దారి చేయించి, ముగ్గురు మంచి నడకగాళ్లను మాట్లాడుకున్నారు. సెప్టెంబరు 19 తెల్లవారుజామున మొదలైంది. ఇద్దరు దారిలో ఆగిపోయారు. ఎడ్వర్డ్ మార్షల్ ఒక్కడు అరవై మైళ్లకు పైగా వెళ్లాడు.

అక్కడి నుంచి నదికి గీత గీయాలి. దగ్గర దారిలో తూర్పుగా గీస్తే వచ్చే నేల తక్కువ. లంబకోణంలో, నది పైకి తిరిగిన వైపు గీశారు. ఆ ఒక్క కోణంతో కలిసొచ్చిన నేలే చాలా. మొత్తం వెయ్యి చదరపు మైళ్లకు మించింది. లెనాపేలు ఒప్పుకోలేదు. 1742లో ఇరక్వా అనే మరో మూలవాసుల తెగల కూటమి చేత చెప్పించి వాళ్లను ఖాళీ చేయించారు.

1755లో ఫ్రెంచివాళ్లతో యుద్ధం వచ్చినప్పుడు ఆ లెనాపేల్లో చాలామంది సరిహద్దు ఊళ్ల మీద పడ్డారు. 1756లో గవర్నరు వాళ్ల మీద యుద్ధం ప్రకటించి, తలల మీద చర్మానికి వెల కట్టాడు. అప్పటిదాకా రాజు కోసం, తిండి గింజల కోసం అంటూ యుద్ధానికి డబ్బు సర్దుబాటు చేస్తూ వచ్చిన శాసనసభలోని క్వేకర్లకు ఇక దారి లేకపోయింది. ఆ జూన్‌లో ఆరుగురు రాజీనామా చేశారు. క్వేకర్ల చేతిలో ప్రభుత్వం అన్న ప్రయోగం అక్కడితో దాదాపు ముగిసింది. అదే ఏడాది నవంబరులో ఈస్టన్‌లో జరిగిన చర్చల్లో టీడియస్కంగ్ అనే లెనాపే నాయకుడు కాలితో నేలను తన్ని, నా కాళ్ల కింద ఉన్న ఈ నేలే నాది, మోసం చేసి తీసుకున్నారు అన్నాడు.

2004లో, లెనాపేల వారసులై ఇప్పుడు ఓక్లహోమాలో ఉంటున్న డెలావేర్ నేషన్, ఆ నడకలో పోయిన నేలలో సుమారు 315 ఎకరాల కోసం ఫెడరల్ కోర్టులో కేసు వేసింది. అది ఈస్టన్‌కు దగ్గర్లోనే ఉంది. ఇప్పుడక్కడ పిల్లల క్రేయాన్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. 2006లో అప్పీలు కోర్టు కేసు కొట్టేసింది. మోసం జరిగిందనే అనుకున్నా, అప్పటి పాలకుడు ఆ హక్కును తొలగించాడు కాబట్టి అది ఏ పద్ధతిలో జరిగిందో చూసే వీలు కోర్టుకు లేదని చెప్పింది. తర్వాత సుప్రీం కోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు.